అగ్గిపెట్టె వెనకాల అనీబిసెంట్

అనీబిసెంట్ అనగానే మనకి గుర్తొచ్చేది హోంరూల్ ఉద్యమం, సోషల్ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మదనపల్లె ఫ్రెండ్స్‌ని అడిగితే అక్కడ ఆమె పేరుతో ఉన్న కాలేజీ గురించి కూడా చెప్తారు. కానీ ఇండియాకి రాకముందే ఆమె లండన్‌లో ఒక అగ్గిపెట్టెల కంపెనీతో తలపడింది. ఆమె జీవితంలో నాకు బాగా నచ్చిన భాగం అదే, అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

1847 అక్టోబర్ 1న లండన్‌లో పుట్టింది. ఐదేళ్లకే తండ్రి పోయాడు. 20 ఏళ్లకి ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి ఫాదరీతో పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. మతం మీద నమ్మకం పోయాక, 1873లో భర్త నుంచి విడిపోయింది. సంతాన నియంత్రణ గురించిన ఒక చిన్న పుస్తకాన్ని చార్లెస్ బ్రాడ్లాతో కలిసి ప్రచురించినందుకు 1877లో ఆమె మీద కేసు నడిచింది. ఆ తర్వాత కోర్టు కూతుర్ని కూడా ఆమెకి దూరం చేసింది. నోరు విప్పితే ఎంత పోగొట్టుకోవాల్సి వస్తుందో ఆమెకి బాగా తెలుసు.

1888 జూన్‌లో ఫేబియన్ సొసైటీ మీటింగ్‌లో ఆడ కూలీల గురించి చర్చ జరిగింది. బ్రయంట్ అండ్ మే అనే అగ్గిపెట్టెల కంపెనీ వాటాదారులకి 20 శాతం పైనే డివిడెండ్ ఇస్తూ, పనిచేసే అమ్మాయిలకి మాత్రం అరకొర జీతాలిస్తోందన్న మాట వచ్చింది. ఆమె విని ఊరుకోలేదు. హెర్బర్ట్ బరోస్ అనే మిత్రుడితో కలిసి తూర్పు లండన్‌లోని ఆ ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లి, అమ్మాయిలతో నేరుగా మాట్లాడింది.

వాళ్లలో చాలామంది మన వయసు వాళ్లు, మనకంటే చిన్నవాళ్లు. 16 ఏళ్ల ఒక అమ్మాయికి వారానికి 4 షిల్లింగులు వస్తే, గది అద్దెకే 2 పోయేవి. దానికి తోడు జరిమానాలు. కాళ్లకి మురికుంటే 3 పెన్నీలు కోత. అగ్గిపుల్లల తలకి వాడే తెల్ల భాస్వరం వల్ల కొందరికి దవడ ఎముక కుళ్లిపోయే జబ్బు వచ్చేది.

జూన్ 23న తన పత్రిక ది లింక్‌లో ఇదంతా అంకెలతో సహా రాసింది. ఆ కంపెనీ అగ్గిపెట్టెలు కొనొద్దని పాఠకుల్ని కోరింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. అవన్నీ అబద్ధాలని రాసున్న కాగితం మీద సంతకాలు పెట్టమని కంపెనీ అమ్మాయిల్ని ఒత్తిడి చేసింది. వాళ్లు పెట్టలేదు. ఒకమ్మాయిని పనిలోంచి తీసేయడంతో జులై మొదట్లో దాదాపు 1,400 మంది బయటికొచ్చేశారు. సమ్మె చెయ్యమని బిసెంట్ చెప్పలేదు, అది వాళ్ల నిర్ణయం. కానీ వాళ్లు బయటికొచ్చాక ఆమె వెనక్కి తగ్గలేదు. విరాళాలు అడిగింది, వచ్చిన డబ్బు సమ్మెలో ఉన్నవాళ్లకి పంచింది, వాళ్ల ప్రతినిధుల్ని పార్లమెంటు సభ్యుల దగ్గరికి పంపడంలో సాయపడింది. రెండు వారాల్లోపే కంపెనీ దిగొచ్చింది. జరిమానాలు రద్దయ్యాయి, భాస్వరానికి దూరంగా అన్నం తినడానికి వేరే చోటు ఇస్తామంది. తర్వాత ఏర్పడిన యూనియన్‌కి ఆమే కార్యదర్శి.

భాస్వరం మాత్రం వెంటనే పోలేదు. 1891లో సాల్వేషన్ ఆర్మీ వాళ్లు ప్రమాదం లేని ఎర్ర భాస్వరంతో, మెరుగైన కూలీ ఇచ్చి సొంత ఫ్యాక్టరీ నడిపి చూపించారు. బ్రయంట్ అండ్ మే 1901లో గానీ తెల్ల భాస్వరం మానలేదు. నిషేధిస్తూ చట్టం 1908లో వచ్చింది.

బిసెంట్ 1893లో ఇండియా వచ్చింది, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైంది, 1933 సెప్టెంబర్ 20న అడయార్‌లో కన్నుమూసింది. అదంతా మన పుస్తకాల్లో ఉంది.

బాయ్‌కాట్ అంటే యాప్ డిలీట్ చేసి స్టేటస్ పెట్టడం అనుకుంటాం. మనం కొనడం మానేస్తే ముందు పని పోయేది ఆ కూలీకే కదా అని ఇంకొకరు అంటారు. ఆ అనుమానం న్యాయమైనదే. నాకైతే బిసెంట్ చేసిన వరసలోనే జవాబు కనిపిస్తుంది. ముందు పనిచేసేవాళ్లనే అడిగింది. విన్నది నలుగురికీ చెప్పింది. కొనొద్దంది. వాళ్లు నిలబడ్డప్పుడు డబ్బుతో సహా వాళ్ల పక్కన నిలబడింది. మొదటి పనికి పైసా ఖర్చు లేదు. హాస్టల్ గేటు దగ్గర పార్సిల్ అందుకునేటప్పుడు, లేటయితే నీకెంత కట్ చేస్తారన్నా అని అడగొచ్చు. మనం సీఎస్ఈ వాళ్లం కాబట్టి ఇంకా అడగాలి. ఆ కోతలు లెక్కేసే కోడ్ రేపు మనలో ఎవరో ఒకరు రాస్తారు.