ఐదేళ్లలో మూడు సువార్తలు

కాలేజీల్లో కొత్త సెమిస్టర్ మొదలైతే మొదటి నెల పరిచయాలతో, రెండో నెల వాయిదాలతో గడిచిపోతుంది. పరీక్షల టైంటేబుల్ వచ్చాకే పుస్తకం గుర్తొస్తుంది. అప్పుడు మన సంఘాల్లో విద్యార్థుల ప్రార్థన విన్నపాలు పెరుగుతాయి. దేవుడు ప్రార్థన ఆలకిస్తాడు, సందేహం లేదు. కానీ ఆయన ముందే ఇచ్చిన నెలలను మనం ఏం చేశాం? ఈ ప్రశ్నకు విశాఖపట్నంలోనే జీవించి చూపిన జవాబు ఒకటుంది. ఆయన పేరు అగస్టస్ డెస్ గ్రాంజెస్.

లండన్ మిషనరీ సొసైటీ పంపగా డెస్ గ్రాంజెస్, జార్జ్ క్రాన్ 1805లో విశాఖ చేరారు. ఇప్పుడు మనం చూస్తున్న ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం ఆ తరువాతి మాట. అప్పట్లో ఇది కోట ఉన్న ఒక చిన్న తీరపట్టణం. మిషనరీల రాక ఈస్టిండియా కంపెనీకి ఇష్టం లేదు. అందుకే వారు డేనిష్ వారి అధీనంలోని తరంగంబాడి మీదుగా ఈ దేశంలో అడుగుపెట్టారు.

తెలుగువారికి దేవుని వాక్యాన్ని తెలుగులో అందించాలన్నది వారి భారం. ఆ భాష వారికి పూర్తిగా కొత్త. దాన్ని ఇంగ్లీషులో నేర్పే అచ్చుపుస్తకం లేదు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది. మంచి పుస్తకాలు దొరికాక మొదలుపెడదామని డెస్ గ్రాంజెస్ అనుకుని ఉంటే ఎన్నటికీ మొదలుపెట్టేవారు కాదు. వాటిలో ఒక్కటైనా వెలువడక ముందే ఆయన కన్నుమూశారు. దొరికిన పండితుల దగ్గర, చుట్టూ మాట్లాడే జనం మధ్య ఆయన ఈ భాష నేర్చుకున్నారు.

వారికి వేరే పనులు లేవా? ఉన్నాయి. ఇంగ్లీషువారికి ఆరాధనలు జరిపేవారు, పిల్లలకు బడి నడిపేవారు. అన్నీ మంచి పనులే. అయితే మంచి పనులే చాలాసార్లు ముఖ్యమైన పనిని మింగేస్తాయి. వారు మాత్రం భాషను వదల్లేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును అంగీకరించిన ఆనందరాయరు వచ్చి చేరాక అనువాదం ఊపందుకుంది.

1809 జనవరిలో క్రాన్ మరణించారు. తోడు పోయినా డెస్ గ్రాంజెస్ కలం ఆపలేదు. 1810 జూలైలో ఆయనా ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటికి మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో సిద్ధమయ్యాయి. 1812లో అవి శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అంతకు ముందు 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్ట్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. కాబట్టి అచ్చులో తెలుగువారికి అందిన తొలి సువార్తలు ఇవే. ఆ పుస్తకాన్ని ఆయన కళ్లారా చూడలేదు. విశాఖలోనే ఆ పనిని అందుకున్న ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

విశాఖలో డెస్ గ్రాంజెస్‌కు దొరికింది ఐదేళ్లు. మన లెక్కలో పది సెమిస్టర్లు. తనకు ఇంతే సమయం ఉందని ఆయనకు తెలియదు. మనకైతే సెమిస్టర్ ఎప్పుడు ముగుస్తుందో మొదటి రోజే తెలుసు!

చదువు వేరు, భక్తి వేరు అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. దానియేలు బబులోనులో మూడేళ్లు కల్దీయుల భాషా విద్యలు నేర్చుకున్నాడు, ప్రార్థనా మానలేదు. సమయాన్ని జారవిడువక సద్వినియోగం చేసుకోవాలని ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో పౌలు హెచ్చరిస్తాడు. అది గుడిలో గడిపే గంటకే కాదు, లైబ్రరీలో గడిపే గంటకూ వర్తిస్తుంది.

కాబట్టి ఈ వారమే మొదలుపెడదాం. ఏ రోజు పాఠం ఆ రోజే చదువుదాం. అర్థం కానిది తెలిసినవారిని అడుగుదాం. సంఘ కార్యక్రమాలైనా సరే, చదువుకు కేటాయించిన గంటను తినేయకుండా చూసుకుందాం. అప్పుడు పరీక్ష ముందురోజు మన ప్రార్థన భయంతో వేసే కేక కాదు, చేసిన పనిని ప్రభువు చేతికి అప్పగించే కృతజ్ఞతాస్తుతి అవుతుంది.