బంతిని పంచిన నాయకుడు: కర్నల్ సి. కె. నాయుడుగారు

చదువు కోసమో, ఉద్యోగం కోసమో, బ్రతుకుతెరువు కోసమో తెలుగునాడు విడిచి వచ్చి పరప్రాంతంలో స్థిరపడిన కుటుంబాలు నాడూ కలవు, నేడూ కలవు. బాబ్లీలోను, ధర్మాబాదు చుట్టుపట్ల ఊళ్ళలోను గోదావరి నీళ్ళు త్రాగి పెరుగుతున్న మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. నేడు ఈ మహారాష్ట్రలోనే చేరి ఉన్న నాగపూరులో, 1895 అక్టోబరు 31వ తేదీన, ఇటువంటి తెలుగు ఇంటనే ఒక బాలుడు పుట్టాడు. భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకుడైన కొఠారి కనకయ్య నాయుడుగారు ఆయనే. లోకానికి ఆయన సి. కె.

నాయుడుగారి పేరు చెప్పగానే పెద్దలకు సిక్సర్లు జ్ఞాపకం వస్తాయి. బంతిని మైదానం అవతల పడగొట్టే ఆ ఎత్తయిన మనిషిని గూర్చి మన ఇళ్ళలో కథలు కథలుగా చెప్పుకున్నారు. అయితే జట్టు నాయకునికి బ్యాటు పట్టడం కంటె కష్టమైన పని మరొకటి ఉన్నది. బంతిని ఎవరి చేతికి ఇవ్వాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు తిరిగి తీసుకోవాలి అన్నదే ఆ పని. ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చూడటం ఈ వ్యాసోద్దేశం.

మన కుటుంబాల పిల్లలు కొందరు నేడు అమెరికాలో ఉన్నారు. అక్కడి వారికి బేస్‌బాల్ మీద ఉన్న మోజు మనకు క్రికెట్టు మీద ఉన్నదానికి తీసిపోదు. ఆ దేశపు పెద్ద పోటీలలో ఒక్కొక్క జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడాలి. ఆట మొదలుపెట్టి బంతి విసిరేవాడు ఒక్కడే అయితే వాని చేయి నెల తిరగకుండా పాడవుతుంది. అందుచేత వారు సాధారణంగా అయిదుగురిని ఎంచుకొని వంతు వేస్తారు. ఈ రోజు విసిరినవాడు సుమారు నూరు బంతులు విసిరి, తరువాత నాలుగు రోజులు చేయి ఆనించుకుంటాడు. పూర్వం నలుగురితోనే సరిపెట్టేవారు. 1970 ప్రాంతాల నుంచి అయిదుగురి పద్ధతి స్థిరపడింది. అయిదుగురూ ఒక్క తీరువారైతే ప్రయోజనం లేదు. ఒకడు వేగంగా విసిరితే మరొకడు నెమ్మదిగా మాయచేయాలి. ఒకడు కుడిచేతివాడైతే మరొకడు ఎడమచేతివాడైతే మేలు. వీరు కాక, ఎవరికైనా దెబ్బ తగిలితే నిలబడటానికి ఆరవవాడు, ఏడవవాడు వెనుక సిద్ధంగా ఉండాలి.

క్రికెట్టులో ఈ వంతులు రోజులలో గాక ఓవర్లలో జరుగుతాయి. ఒక బౌలరు ఆరు బంతులు వేయగానే రెండవవాడు అటువైపు నుంచి వేయాలి. ఇద్దరు అలసిపోతే మరి ఇద్దరు రావాలి. కొత్త బంతి మెరుపు మీద ఉన్నప్పుడు వేగం గలవాడు, మెరుపు పోయిన తరువాత తిప్పగలవాడు. సూత్రం మాత్రం రెండు ఆటలలోను ఒక్కటే: మంచి చేయి దొరకడం అదృష్టం, దానిని కాపాడుకోవడం తెలివి.

నాయుడుగారి తాతగారు నాగపూరులో పేరుగాంచిన వకీలు. కనకయ్య నాయుడుగారు చిన్నతనంలోనే బడి జట్టులో చేరి, హిస్లాప్ పాఠశాల తరపున ఆడుతూ రాటుదేలారు. 1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలో హిందువుల జట్టుకు, యూరపియనుల మీద తొలిసారి పెద్ద ఆట ఆడారు. అప్పటికి జట్టు ఏడు వికెట్లు కోల్పోయి దిక్కుతోచక ఉన్నది. వచ్చిన మొదటి మూడు బంతులను అణకువగా ఆపారు. నాలుగవ దానిని సిక్సరు కొట్టారు. పెద్ద ఆటలలో ఆయన చేసిన మొదటి పరుగులు ఆ ఆరే.

1923లో ఇందూరు హోల్కరు మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యంలో పదవి ఇచ్చారు. కర్నల్ అన్న బిరుదు తరువాతి కాలంలో అక్కడి నుంచే వచ్చింది. 1926 డిసెంబరులో, గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం. సి. సి. జట్టు మీద బొంబాయి జింఖానా మైదానంలో రెండు గంటలకు లోపుననే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు పదకొండు. ఒక్క ఇన్నింగ్సులో అన్ని సిక్సర్లు అంతకు ముందు ప్రపంచంలో ఎవరూ కొట్టి ఉండలేదు. భారతీయులు టెస్టు ఆటకు తగినవారన్న నమ్మకం దీనితో బలపడింది. 1928లో భారత క్రికెట్టు బోర్డు ఏర్పడింది.

1932లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళింది. పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డీ రాకుమారుడు ఉపనాయకుడు. నాయకత్వం రాజులదే అనుకునే రోజులవి. అయితే మహారాజు తన ఆట తనకు తెలిసి తప్పుకున్నారు, లింబ్డీకి దెబ్బ తగిలింది. భారతదేశపు మొట్టమొదటి టెస్టు ఆటలో బంతిని పంచవలసిన బాధ్యత నాగపూరు తెలుగువాని మీద పడింది. తమవంటి ఆటగానిని పెద్దగా ఒప్పుకోవడానికి జట్టులో కొందరికి మనసు రాలేదు కూడా. అటువంటి జట్టుతో 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో ఆయన కాలు పెట్టారు.

ఆయన చేతిలో ఉన్నవారిని చూడండి. హోషియార్‌పూరులో పుట్టిన మహమ్మదు నిస్సార్ భారీ మనిషి, మహావేగం. రాజకోటకు చెందిన అమర్ సింగ్ మధ్యవేగంతో వేసి, బంతిని గాలిలోను నేల మీదను త్రిప్పగలవాడు. జలంధరు ప్రాంతపు జహంగీర్ ఖాన్ నిలకడగా వేసేవాడు. నాలుగవవాడు నాయుడుగారే, ఆయనదీ మధ్యవేగమే. ఇద్దరు దాడికి, ఇద్దరు అడ్డుకట్టకు. సరిగా చూస్తే చిన్న జట్టే, కాని ఒకరి తీరు మరొకరికి లేదు.

ఇంగ్లండు తరపున ముందుగా వచ్చినవారు హోమ్స్, సట్‌క్లిఫ్. పదిరోజుల క్రిందటనే ఆ ఇద్దరూ యార్క్‌షైర్ తరపున మొదటి వికెట్టుకు 555 పరుగులు చేసి లోకాన్ని ఆశ్చర్యపరిచి ఉన్నారు. నాయుడుగారు కొత్త బంతిని నిస్సార్ చేతికి ఇచ్చారు. ఇద్దరి వికెట్లూ నిస్సార్ పడగొట్టాడు. అంతలో వూలీ రనవుట్ అయ్యాడు. 19 పరుగులకు మూడు వికెట్లు! ఆ దెబ్బ నుంచి తేరుకొని ఇంగ్లండు 259 చేసింది. నిస్సార్‌కు అయిదు, అమర్ సింగ్‌కు రెండు, నాయుడుగారికి రెండు వికెట్లు దక్కాయి. జహంగీర్ ఖాన్‌కు ఒక్కటీ రాలేదు.

వికెట్టు రానివాడిని ప్రక్కన పెట్టడం సులభం. రెండవ ఇన్నింగ్సులో నిస్సార్‌కు ఒక్క వికెట్టే వచ్చింది. మొదట ఏమీ దక్కని జహంగీర్ ఖాన్ నాలుగు తీశాడు. ఒకనాడు ఒకని వంతు, మరొకనాడు మరొకని వంతు అన్న మాటకు ఇంతకంటె సాక్ష్యం వేరే అక్కరలేదు. క్యాచి పట్టబోయి చేయి గాయపడినా నాయుడుగారు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేశారు. మన జట్టులో అప్పుడు అదే ఎక్కువ. ఆట 158 పరుగుల తేడాతో పోయినా, కొత్త జట్టుకు మర్యాద మిగిలింది.

ఆ వేసవి అంతా కలిపి మనవారు 26 మొదటి తరగతి ఆటలు ఆడారు. వాటిలో అమర్ సింగ్ 111 వికెట్లు, నిస్సార్ 71 వికెట్లు తీశారు. తెలియని వాతావరణం, చలిగాలి, రైలు ప్రయాణాలు. వాటి మధ్య ఇద్దరి మీద ఎంత భారం పడిందో ఆ అంకెలే చెబుతాయి. నాయుడుగారు స్వయంగా 1618 పరుగులు చేశారు. 1933లో విజ్డెన్ వారు ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయనను చేర్చారు.

1933–34లో జార్డిన్ జట్టు మన దేశం వచ్చినపుడు కూడా మూడు టెస్టులలో నాయకుడాయనే. రెండు పోయాయి, కలకత్తా ఆట సమమైంది. 1936లో నాయకత్వం విజయనగరం మహారాజకుమారునికి వెళ్ళింది, ఆయనా తెలుగువారే. లార్డ్స్‌లో అమర్ సింగ్ 35 పరుగులకు ఆరు వికెట్లు తీసి ఇంగ్లండును 134కు కట్టడిచేసినా, మనవారు ఆ ఆట ఓడిపోయారు. జట్టులో పొరపొచ్చాలు పెరిగి, అమర్‌నాథ్‌ను నడుమలోనే ఇంటికి పంపిన ఏడు అది. మంచి బౌలర్లు ఉన్నా మనసులు కలవకపోతే ఫలితం పూర్తిగా చేతికి రాదు. ఓవల్‌లో తన చివరి టెస్టులో నాయుడుగారు దెబ్బ తిని కూడా 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన చేసిన అత్యధికం అదే.

టెస్టు ఆటలు ఏడింటితో ముగిసినా, నాయకునిగా ఆయన అసలు వ్యవసాయం ఇందూరులో సాగింది. 1941 మొదలు హోల్కరు పేరుతో ఆడిన జట్టును ఆయన చాలాకాలం నడిపారు. ముష్తాక్ అలీ వంటి బ్యాటు పట్టేవారితో పాటు, చందూ సర్వతే, ఎడమచేతి హీరాలాల్ గైక్వాడ్ వంటి బంతి త్రిప్పేవారిని ఆ జట్టు పోగుచేసుకొన్నది. 1944–45లో నాయుడుగారి తమ్ముడు సి. ఎస్. నాయుడు కూడా బరోడా నుంచి వచ్చి చేరారు. లెగ్‌స్పిన్ వేయడంలో ఆయన ఆనాడు దేశంలో మేటి.

ఆ ఏడాది రంజీ ట్రోఫీ చివరి ఆట బొంబాయి బ్రబోర్న్ మైదానంలో జరిగింది. యుద్ధకాలంలో మన దేశంలో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కరు వైపు ఆడి 249 పరుగులతో అజేయుడుగా నిలిచాడు. బొంబాయి వైపు విజయ్ మర్చంట్ 278 చేశాడు. రెండు జట్లూ కలిసి చేసిన పరుగులు 2078. ఈ పరుగుల వరద నడుమ ఒక్క మనిషి అలుపు లేకుండా బంతి వేస్తూనే ఉన్నాడు. సి. ఎస్. నాయుడు మొదటి ఇన్నింగ్సులో 64.5 ఓవర్లు, రెండవ దానిలో 88 ఓవర్లు వేశారు. మొత్తం 917 బంతులు! 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశారు. ఒక్క మొదటి తరగతి ఆటలో అన్ని బంతులు వేసినవాడు నేటికీ మరొకడు లేడు. అయినా హోల్కరు 374 పరుగుల తేడాతో ఓడింది.

బేస్‌బాల్ లెక్కలో చెప్పాలంటే, నూరేసి బంతుల చొప్పున తొమ్మిది వంతులు. అక్కడివారు నెలన్నరలో పంచుకొని చేసే పని. వేగంగా విసిరేవానికి, నెమ్మదిగా త్రిప్పేవానికి శ్రమ ఒక్కటి కాదు, నిజమే. అయినా వేళ్ళు వేళ్ళే, భుజం భుజమే. నాయకుడు అన్న, బౌలరు తమ్ముడు. నమ్మినవాని చేతికే బంతి మళ్ళీ మళ్ళీ వెళుతుంది. ప్రేమ ఎక్కువైన చోటనే భారమూ ఎక్కువ పడటం మన ఇళ్ళలోనూ చూస్తున్నదే.

మన బాబ్లీ ఆనకట్టను తలచుకోండి. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు తలుపులు ఎత్తి నదిని పారనివ్వాలి. తరువాత దించి నిలువచేయాలి. మార్చి 1న మళ్ళీ కొంత నీరు క్రిందికి వదలాలి. ఎప్పుడు వదలాలో, ఎప్పుడు నిలపాలో ముందే నిర్ణయం ఉన్నందుననే పైవారికీ క్రిందివారికీ నీరు అందుతుంది. బౌలరు భుజబలం కూడా ఇటువంటి నిలువే. ఒక్కరోజున ఖాళీచేస్తే మరునాటికి ఏమీ మిగలదు.

మరుసటి ఏడు, 1945–46లో, హోల్కరు జట్టు కథ మారింది. మైసూరు మీద ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేశారు. ఆరుగురు నూరేసి పరుగులు దాటారు. వారిలో యాభై ఏళ్ళ నాయుడుగారు ఒకరు. ఈ మారు బంతితో మెరిసినవాడు సర్వతే. ఒక్క ఇన్నింగ్సులో 61 పరుగులకు తొమ్మిది వికెట్లు తీశాడు. చివరి ఆటలో బరోడా మీద నాయుడుగారు 200 పరుగులు చేయగా, హోల్కరుకు మొదటిసారి రంజీ ట్రోఫీ దక్కింది. తరువాత 1947–48, 1950–51, 1952–53లలో కూడా ఆ ట్రోఫీ ఇందూరుకే వెళ్ళింది. పద్నాలుగేళ్ళ జీవితంలో నాలుగు గెలుపులు, మరో ఆరుమార్లు రెండవ స్థానం. ఒక్క మహావీరుని మీద ఆధారపడిన జట్టుకు ఇన్నేళ్ళు ఇంత నిలకడ రాదు. ఒకనాడు సి. ఎస్., ఒకనాడు సర్వతే, ఒకనాడు గైక్వాడ్ ముందుకు రాగలిగినందుననే వచ్చింది.

నాయుడుగారి క్రమశిక్షణ కఠినమైనది. ముందు తన శరీరానికే దానిని వర్తింపజేశారు. 1951–52 చివరి ఆటలో ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్ళు విరిగినా మైదానం విడువలేదు. అరవై దాటాక 1956–57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడారు. 68వ ఏట, 1963లో, తాను పుట్టిన నాగపూరులోనే చివరి మొదటి తరగతి ఆట ఆడారు. 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటరు ఆయనే. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. 1994 నుంచి బోర్డువారు జీవితకాల సేవకు ఇచ్చే పురస్కారం ఆయన పేరుతోనే ఉన్నది.

నేడు బౌలర్లు వేసే బంతులకు లెక్కకట్టి విశ్రాంతి ఇస్తున్నారు. ఆ లెక్కలు లేని కాలంలో నాయుడుగారు కొన్నిమార్లు నెగ్గారు, కొన్నిమార్లు తన వారి మీదనే భారం మోపారు. రెండూ మనకు ఉపయోగించేవే. పరాయి ఊరిలో నలుగురం కలిసి పండుగ చేసుకునే మనలోనూ ప్రతి ఏడూ చందాలు వసూలుచేసేది, పందిరి వేయించేది, పిల్లలచేత నాటకం ఆడించేది సాధారణంగా ఆ ఒకరిద్దరే. వారు బాగా చేస్తారు గనుక మళ్ళీ వారికే అప్పగిస్తాము. వారు అలసిన నాడు పని ఆగిపోతుంది. ఈ ఉగాది నాడు పచ్చడిలో ఆరు రుచులు కలిపినట్లే, పనిలో కూడా పది చేతులు కలుపుదాము. ఇంతవరకు బంతి పట్టనివారికి ఈ ఏడు ఒక ఓవరు ఇచ్చి చూద్దాము. మొదటి ఇన్నింగ్సులో వికెట్టు రాని జహంగీర్ ఖాన్ మన మధ్యనే ఎక్కడో కూర్చుని ఉండవచ్చు.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.