జీన్ జాక్ రూసో

జీన్ జాక్ రూసో (జూన్ 28, 1712 - జూలై 2, 1778) ఐరోపాకు చెందిన ప్రముఖ తత్వవేత్త, రచయిత, సంగీతకారుడు. ఈయన రచనలు ఫ్రెంచి విప్లవ నాయకులను ఎంతగానో ప్రభావితం చేశాయి. రూసోను జీవితంలో అధికభాగం మూత్రసంబంధమైన బాధ వెంటాడింది. దాని కారణమును ఆనాటి వైద్యులు నిశ్చయముగా తేల్చలేకపోయారు.

బాల్యము

రూసో జెనీవా నగరంలో జన్మించాడు. తండ్రి ఐజాక్ గడియారాల పనివాడు. తల్లి సుజాన్ ప్రసవానంతరం కొద్దిరోజులకే మరణించగా, మేనత్త ఈయనను పెంచింది. మూత్రాశయ లోపంతో పుట్టానని, పసితనంలో మూత్రం తరచు బిగిసిపోయేదని రూసో తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు.

వ్యాధి, చికిత్స

1742లో పారిస్ చేరిన తరువాత ఈ బాధ మాటిమాటికీ తిరగబెట్టింది. మోరాండ్ అనే శస్త్రవైద్యుడు మూత్రనాళంలోకి గొట్టమును పంపలేకపోయాడు. డారాన్ అనే మరొక వైద్యుని మెత్తని శలాకలతో కొంత ఉపశమనం లభించింది. రూసో వాటిని చాలా ఖర్చుతో కొని నిలువ చేసుకున్నాడు. ఆరు నెలలకు మించి బ్రతకడని మోరాండ్ చెప్పినట్లు తెలియగానే, రూసో ఖజానా ఉద్యోగం వదలి, సంగీత ప్రతులు వ్రాసి జీవించుటకు నిశ్చయించుకున్నాడు.

1752 అక్టోబరులో ఈయన రచించిన "పల్లె జోస్యుడు" అనే సంగీతనాటకం ఫాంటెన్‌బ్లోలో 15వ లూయీ రాజు ఎదుట ప్రదర్శింపబడింది. మరునాడు రాజదర్శనానికి పిలుపు వచ్చింది. కొలువులో గంటల తరబడి నిలబడవలసి వస్తే మూత్రం ఆపుకోలేనని రూసో భయపడ్డాడు. సహజమైన బిడియము, స్వాతంత్ర్యాభిలాష కూడా తోడై ఆ ఉదయమే వెళ్ళిపోయాడు. దానితో రాజు ఇవ్వదలచిన భరణమును పోగొట్టుకున్నాడు.

మోంట్‌మోరెన్సీలో నివసించిన కాలంలో, మూత్రాశయపు రాళ్ళను తీయుటలో పేరుపొందిన సన్యాసి ఫ్రేర్ కోమ్ ఈయనను పరీక్షించాడు. రాయి లేదని, ప్రొస్టేట్ గ్రంథి పెరిగి గట్టిపడినదని తేల్చాడు. రూసో చాలా బాధపడతాడని, అయినా చాలాకాలం జీవిస్తాడని చెప్పాడు.

ప్రవాసము

1762లో "సామాజిక ఒడంబడిక", "ఎమీల్" గ్రంథాలు వెలువడ్డాయి. "ఎమీల్" కారణంగా అరెస్టు ఉత్తర్వు రావడంతో రూసో ఫ్రాన్సు విడిచి మోటియే గ్రామంలో తలదాచుకున్నాడు. శలాకలు తరచు వాడవలసి రావడంతో బిగుతైన దుస్తులు మాని, వదులైన ఆర్మీనియా అంగరఖా ధరించసాగాడు. ఈ వేషమును పలువురు వింతగా చూశారు. 1763లో వ్రాసిన వీలునామాలో తన వ్యాధి లక్షణాలను వివరించి, మరణానంతరం శరీరమును కోసి కారణము కనుగొనవలసినదిగా కోరాడు.

మరణము, శవపరీక్ష

రూసో 1778 జూలై 2న ఎర్మెనాన్‌విల్‌లో మరణించాడు. మరునాడు శవపరీక్ష జరిగింది. మూత్రపిండాలలోగాని, మూత్రాశయంలోగాని, మూత్రనాళంలోగాని వైద్యులకు ఏ లోపమూ కనిపించలేదు. మూత్రాశయపు మెడ వద్ద కండరాలు బిగుసుకొనుట గాని, వయసుతో తగ్గిపోయిన ప్రొస్టేట్ వాపు గాని ఈ బాధకు కారణమై ఉండవచ్చునని వారు భావించారు. 1794లో ఈయన అవశేషాలను పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించారు.

తరువాతి అభిప్రాయాలు

మూత్రనాళం ఇరుకగుట, పోర్ఫిరియా అనే వంశపారంపర్య వ్యాధి, మానసిక ఆందోళన మొదలగు కారణాలను తరువాతి వైద్యులు ప్రతిపాదించారు. ఏదీ రుజువు కాలేదు. మూత్రాశయ కండరాలు, నాడుల పనితీరులోని దోషాలు శవమును కోసి చూసినపుడు కంటికి కనిపించకపోవచ్చు. మూత్రధార వేగమును, మూత్రాశయంలోని ఒత్తిడిని కొలిచే నేటి పరీక్షలు బ్రతికియున్న రోగికి మాత్రమే చేయదగినవి. అందువలన శవపరీక్షలో ఏమీ కనబడనంత మాత్రాన రూసో బాధ కల్పితమని చెప్పుటకు వీలులేదు.