పత్తి చేలోంచి లేచిన గొంతు – ఫ్యానీ లూ హేమర్

అమెరికాలో నల్లజాతి వాళ్ల హక్కుల పోరాటం అనగానే మనకు మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తాడు. అదే పోరాటంలో, పత్తి ఏరుకుని బతికిన ఒక ఆడకూలీ దేశాధ్యక్షుణ్ణే కంగారు పెట్టింది. మన బతుకులకు దగ్గరగా ఉన్న ఆమె కథ ఈసారి చెప్పుకుందాం.

ఫ్యానీ లూ 1917 అక్టోబరు 6న మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. 20 మంది సంతానంలో ఆఖరిది. అమ్మానాన్నలు పాలుకు సేద్యం చేసేవాళ్లు. ఆరేళ్ల పిల్లను భూస్వామి తన కొట్టులోని తినుబండారాలు ఆశపెట్టి పత్తి చేలోకి దించాడు. ఇంక బయటపడింది లేదు. ఆ కొట్టులోనే అప్పు, ఆయన రాసిందే లెక్క. కాస్త కుదురుకుని తండ్రి కంచరగాడిదలు కొంటే, ఎవరో మేతలో విషం కలిపి చంపేశారు. అడ్వాన్సు తీసుకుని వలస పోయిన మనవాళ్లకు ఈ లెక్కలు విడమర్చి చెప్పక్కర్లేదు.

పెళ్లయ్యాక, చదవడం రాయడం వచ్చని భూస్వామి ఆమెకు హాజరు, తూకం చూసే పని ఇచ్చాడు. కాటాలో కూలీలకు మోసం జరుగుతోందని గమనించింది. ఆయన లేనప్పుడు సరైన గుండు వేసి తూచేది. 1961లో కణితి తీస్తామని ఆపరేషన్ చేసి, ఆమెకు చెప్పకుండా గర్భసంచే తీసేశారు.

1962 ఆగస్టులో ఊరి చర్చిలో జరిగిన మీటింగులో, నల్లవాళ్లకూ ఓటు హక్కు ఉందని తెలిసింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు! ఆ నెల 31న 18 మంది బస్సెక్కి ఓటు నమోదుకు వెళ్లారు. రాజ్యాంగం మీద చిక్కు ప్రశ్న వేసి తిప్పి పంపేశారు. దారిలో పోలీసులు బస్సు రంగు బాగోలేదని ఆపేశారు. అందరూ భయంతో బిగుసుకుపోతే ఆమె భక్తి పాటలు ఎత్తుకుంది. ఇంటికి చేరేసరికి, దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా వెళ్లిపో అన్నాడు భూస్వామి. 18 ఏళ్లు చేసిన చోటు వదిలి ఆ రాత్రే బయటికొచ్చేసింది. పంట పని అయ్యేదాకా భర్త అక్కడే ఉండాల్సి వచ్చింది.

1963 జూన్‌లో వినోనా పట్నం జైల్లో పోలీసులు తోటి ఖైదీల చేతనే ఆమెను కొట్టించారు. కిడ్నీ, కన్ను దెబ్బతిన్నాయి. అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆ పోలీసులను వదిలేసింది. అయినా ఆమె పగ పెంచుకోలేదు. ద్వేషిస్తే దేవుడి ముఖం చూడలేమని నమ్మింది. అలాగని నోరు మూసుకోలేదు. 1964 ఆగస్టులో డెమోక్రటిక్ పార్టీ మహాసభలో జరిగిందంతా టీవీ కెమెరాల ముందు చెప్పింది. జనం దృష్టి మళ్లించడానికి అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు ప్రెస్‌మీట్ పెట్టాడు. రాత్రి ఛానళ్లు ఆమె మాటలే మళ్లీ వేశాయి. సర్దుబాటుగా రెండు సీట్లిస్తామంటే ఆమె బృందం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే ఓటు హక్కుల చట్టం వచ్చింది.

ఓటొచ్చినా ఆకలి పోలేదు. 1969లో 40 ఎకరాలతో సహకార వ్యవసాయం మొదలుపెట్టింది. పేద కుటుంబాలకు చూలు పందుల్ని ఇచ్చి, పిల్లల్ని పెంచుకోమనేవారు. డబ్బుల్లేక ఆ ప్రయత్నం కొన్నేళ్లకే ఆగిపోయింది. 1977 మార్చి 14న, 59 ఏళ్లకే ఆమె కన్నుమూసింది.

మనలో చాలామందికి ఓటు ఊళ్లో, కూడు ఇంకో రాష్ట్రంలో. పోలింగుకు పోతే కూలీ పోతుందని ఆగిపోతాం. హాజరు పుస్తకం చూపించమంటే మేస్త్రీకి కోపమని ఊరుకుంటాం. ఆమె మొదలెట్టింది కూడా ఇలాంటి చిన్న చోటునే, కాటా దగ్గర. మన పనిదినాలు మనమే రాసుకుందాం. ఊరికెళ్లినప్పుడు ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకుందాం. ఒక్కరే అడగడానికి భయమైతే, ఆ 18 మందిలాగా కలిసి వెళ్దాం.