కెమిస్ట్రీలో అంతంతమాత్రం మార్కులు వచ్చిన లూయీ పాశ్చర్



లూయీ పాశ్చర్ అనగానే మీకు రేబిస్ టీకా, పాశ్చరైజ్ చేసిన పాలు గుర్తొస్తాయి. ఈ నెల ఆయన తొలి విజయం గురించి చెప్పుకుందాం.

1822 డిసెంబర్ 27న ఫ్రాన్సులోని దోల్ పట్టణంలో, తోళ్లు శుద్ధి చేసే కుటుంబంలో పాశ్చర్ పుట్టారు. చదువులో సగటు విద్యార్థి. బొమ్మలు మాత్రం చక్కగా వేసేవారు. 1838లో చదువుకోసం పారిస్ పంపితే ఇంటిమీద బెంగపెట్టుకున్నారు. కొద్ది వారాలకే తండ్రి స్వయంగా వెళ్లి వెంటబెట్టుకొచ్చారు. 1842లో సైన్స్ పరీక్ష పాసయ్యారు కానీ కెమిస్ట్రీలో వచ్చింది అంతంతమాత్రమే. అదే ఏడాది ఎకోల్ నార్మాల్‌లో సీటు వచ్చినా, ఆ ర్యాంకు నచ్చక మళ్లీ చదివారు. మరుసటి ఏడాది మెరుగైన ర్యాంకుతో చేరారు.

1848 నాటికి ఆయనకు 25 ఏళ్లు. మన చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లం వైన్ పీపాల్లోనూ పేరుకుంటుంది. దాని ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది. అవే మూలకాలు, అదే పాళ్లలో ఉన్న రెసీమిక్ ఆమ్లం అసలు తిప్పదు. ఎందుకు?

రెసీమిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను పాశ్చర్ భూతద్దంతో పరిశీలించారు. కొన్నింటి చిన్న ముఖాలు కుడికి, కొన్నింటివి ఎడమకు ఒరిగి ఉన్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి రెండు కుప్పలు చేశారు. విడివిడిగా నీటిలో కరిగిస్తే ఒకటి కాంతిని కుడికి, మరొకటి ఎడమకు తిప్పింది. సమానంగా కలిపితే ఎటూ తిప్పలేదు. వృద్ధ శాస్త్రవేత్త బియో ఒక పట్టాన నమ్మలేదు. తన కళ్లెదుటే మళ్లీ చేయించి, ఫలితం చూసి చలించిపోయారు.

కుడి చెప్పు ఎడమ కాలికి పట్టనట్టే, కొన్ని అణువులకూ కుడి ఎడమలు ఉంటాయి. ఈ స్ఫటికాల్లో పక్కపక్క అణువులను ఒక క్రమంలో పట్టి ఉంచడంలో హైడ్రోజన్ బంధాలది ముఖ్యపాత్ర. అందుకే అణువులోని కుడి ఎడమల తేడా స్ఫటికం ఆకారంలోనూ బయటపడుతుంది. ఈ బంధాల సంగతి పాశ్చర్ కాలానికి తెలియదు. 1895లో ఆయన కన్నుమూశారు. ఏ అణువు కుడిదో, ఏది ఎడమదో ఎక్స్‌రేలతో బైఫుట్ బృందం తేల్చింది 1951లో.

ఆనాడు పాశ్చర్‌కు అక్కరకొచ్చింది ఓపిగ్గా చూసే కన్ను. దానికి ప్రోగ్రెస్ కార్డులో గడి లేదు. ఈ ఆదివారం మీ పాప చేతికో, బాబు చేతికో ఒక భూతద్దం, కాసిన్ని పటికబెల్లం ముక్కలు ఇవ్వండి. ఏం కనిపించిందో అడగండి. మార్కుల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.