రుడాల్ఫ్ డీజిల్

కొల్లేటి సీమలో పట్టిన చేపలను మంచుగడ్డల నడుమ పేర్చుకొని లారీలు ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా దూరపు కలకత్తా వైపు సాగిపోవుచుండును. వానిని నడపు నూనె పేరు డీజిలని బాలబాలికలందరును ఎరుగుదురు. అది యొక మనుష్యుని పేరని ఎరిగినవారు కొందరే.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనులు. తండ్రి తోలుసామానులు చేసి కుటుంబమును పోషించుచుండెను. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము రాగా ఆ కుటుంబము పారిసు విడిచి లండనుకు పోవలసివచ్చెను. పన్నెండేండ్ల రుడాల్ఫును జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమునకు, బంధువుల ఇంటికి పంపిరి. కన్నవారికి దూరమైనను అతడు చదువును అశ్రద్ధ చేయలేదు. మ్యూనిక్ సాంకేతిక కళాశాలలో 1880లో పరీక్షయందు అగ్రశ్రేణిని పొందెను.

అతని గురువు లిండే శీతలయంత్రముల నిర్మాత. శిష్యుడు పారిసులో గురువుగారి మంచుయంత్రముల పనిలో చేరెను. కాని అతని మనస్సు వేరొకచోట నుండెను. నాటి ఆవిరియంత్రము బొగ్గునుండి పుట్టిన వేడిమిలో పదింట తొమ్మిదిపాళ్లు వ్యర్థము చేయుచున్నదని అతడు గురువు పాఠములలో వినియుండెను. ఆ మాట అతనిని విడువలేదు.

సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కుట మనము చూచియున్నాము. గాలిని మిక్కిలి గట్టిగా అదిమినచో, అందు చిమ్మిన నూనె నిప్పు తగులకయే మండును. ఈ సూత్రమును ఆధారము చేసికొని డీజిల్ 1893లో పేటెంటు పొందెను. ఆ యేడు ఆగస్టులో జరిగిన తొలి పరీక్షలో, యంత్రమునకు అమర్చిన పీడనమాపకము పేలి తునకలయ్యెను. ప్రక్కనున్నవారికి ప్రాణాపాయము తృటిలో తప్పెను. అతడు వెనుదీయక మరి మూడేండ్లకు పైగా శ్రమించెను. 1897 ఫిబ్రవరిలో జరిగిన పరీక్షలో అతని యంత్రము ఇంధనపు వేడిమిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చెను. లోకము ఆశ్చర్యపడెను.

కీర్తి వచ్చినను సుఖము రాలేదు. వివాదములు, అనారోగ్యము, అప్పులు అతనిని క్రుంగదీసెను. 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి ఇంగ్లండునకు పోవు ఓడలో అతడు అదృశ్యుడయ్యెను. కొన్ని దినములకు మృతదేహము సముద్రమున కానవచ్చెను. మరణకారణము నేటికిని తేలలేదు. డీజిల్ లారీలు 1924లో అమ్మకమునకు వచ్చునప్పటికి వానిని చూచుటకు అతడు లేడు.

ఆ యంత్రమునకు ఒక బలహీనత కలదు. వేడెక్కిన గాలియే దానికి నిప్పు. ఇనుము మిక్కిలి చల్లబడినచో గాలి చాలినంత వేడెక్కదు. ఇంజను నూనె చిక్కబడును. డీజిలులోని మైనము గడ్డకట్టును. మన కొల్లేటి సీమలో ఈ చిక్కు లేదు. లడఖులో చలి సున్నకు 30 డిగ్రీలు దిగువకు పోవునప్పుడు లారీ కదలుట కష్టము. తరువాతివారు ఈ లోపమును దిద్దిరి. కొందరు ఇంజనులోని గాలిని ముందుగా కాచు విద్యుత్తీగను అమర్చిరి. అమెరికాలో ఆండ్రూ ఫ్రీమన్ ఇంజనునే వెచ్చచేయు హీటరుకు 1949లో పేటెంటు పొందెను. రాత్రియంతయు దానిని విద్యుత్తునకు తగిలించి యుంచినచో ఉదయమున ఇంజను సులభముగా కదలును. మన దేశమున 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు 33 డిగ్రీలు దిగువనైనను గడ్డకట్టని డీజిలును లడఖుకు పంపెను.

ఒకరు ఆరంభించిన పనిని పదుగురు పూర్తిచేయుదురు. అయినను ఆరంభించుటకు ఒకడు కావలెను. మంచు చేయు కొలువులో నుండి వేడిమిని గూర్చి తపించిన డీజిల్ అట్టివాడు.