బండి వేగానికి కళ్ళెం వేసిన రాల్ఫ్ టీటర్

కారులో కాలు తీసేసినా బండి ఒకే వేగంతో పోయే ఏర్పాటు ఒకటుంది. దాన్ని క్రూజ్ కంట్రోల్ అంటారు. దాన్ని కనిపెట్టినాయనకు రెండు కళ్ళూ కనపడవు. ఆయన గురించే రాస్తున్నాను.

రాల్ఫ్ టీటర్ 1890 ఆగస్టు 17న అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఐదేళ్ళప్పుడు మూసుకుపోయిన సొరుగును చాకుతో తెరవబోతే చాకు జారి కంట్లో దిగింది. కొన్నాళ్ళకే రెండో కన్ను కూడా పోయింది. ఒక కంటికి దెబ్బ తగిలితే మంచి కన్ను కూడా పాడయ్యే జబ్బు ఒకటుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

అమ్మానాన్నలు ఆ పిల్లవాణ్ణి మూల కూర్చోబెట్టలేదు. అయ్యో పాపం అని కూడా అనలేదు. ఇంట్లో ఆ సంగతి ఎత్తేవారే కారు. పనిముట్లు చేతికిచ్చారు. టీటర్ కుటుంబానికి, రైలు పట్టాల మీద తొక్కుకుంటూ పోయి పట్టాలను పరీక్ష చేసే సైకిలు బండ్లు తయారు చేసే కార్ఖానా ఉండేది. రాల్ఫ్ ఇనుప సామాన్ల మధ్య పెరిగాడు. ఏ వస్తువైనా వేళ్ళతో తడిమి అది ఎలా పనిచేస్తుందో తెలుసుకునేవాడు. ఇది నాకు వింతగా అనిపించలేదు. మా అమ్మకు చదువు రాదు గానీ, చీకట్లో చేట పట్టుకున్నా రాగుల్లో రాయి ఉంటే వేలితోనే పట్టేస్తది.

పన్నెండేళ్ళకే రాల్ఫ్ ఇంకో అబ్బాయితో కలిసి ఒక కారు తయారు చేశాడు! ఆ రోజుల్లో చాలా ఊళ్ళలో కారు చూసినవాళ్ళే తక్కువ.

ఇంజనీరింగు చదువుతానంటే చూపులేనివాడికి సీటు ఎవరిస్తారు? చాలా కష్టమైంది. చివరికి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పుస్తకాలు వేరేవాళ్ళు చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకునేవాడు. 1912లో మెకానికల్ ఇంజనీరు అయ్యాడు. మనకు పుస్తకం చేతిలో ఉండి, లైటు ఉండి, స్టడీ అవర్లో నిద్రొస్తది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధ ఓడల ఆవిరి టర్బైన్లలో గిర్రున తిరిగే పెద్ద ఇనుప భాగాలు ఉంటాయి. వాటి బరువు ఒక పక్కకు రవ్వంత ఎక్కువైనా ఓడంతా అదురుతుంది. ఆ తేడా ఎక్కడుందో చూపున్న ఇంజనీర్లకు దొరకలేదు. టీటర్ చేతితో ఆ అదురు పట్టి, సరిచేసే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత వాళ్ళ కుటుంబ కంపెనీ ఇంజన్లలో వేసే పిస్టన్ రింగులు తయారు చేసింది. ఆ కంపెనీ పేరు పర్ఫెక్ట్ సర్కిల్. టీటర్ దానికి అధ్యక్షుడయ్యాడు. 1936లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘానికి కూడా అధ్యక్షుడుగా ఉన్నాడు.

ఇక అసలు కథ. టీటర్ కారు నడపలేడు గదా. ఒకసారి ఆయన లాయరు నడుపుతుంటే పక్కన కూర్చున్నాడు. ఆ లాయరు మాట్లాడేటప్పుడు కారు నెమ్మదిస్తుంది, ఎదుటివాళ్ళ మాట వినేటప్పుడు ఉరుకుతుంది. ముందుకీ వెనక్కీ ఒకటే కుదుపు. కళ్ళున్న మనిషైతే కిటికీలోంచి బయటికి చూస్తూ అది పట్టించుకోకపోవును. టీటర్‌కు ఒళ్ళంతా తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రబ్బరు, పెట్రోలు పొదుపు కోసం గంటకు 35 మైళ్ళు, అంటే సుమారు 56 కిలోమీటర్లు దాటొద్దని అక్కడ ఆజ్ఞ వేశారు. కాలితో అంత నిలకడగా తొక్కడం ఎవరివల్లా కాదు. యంత్రంతోనే చేయాలి అనుకున్నాడు.

అది ఎలా పనిచేస్తుందంటే, జొన్న చేలో పిట్టల్ని తోలే వడిసెల గుర్తుందా? ఎంత జోరుగా తిప్పితే రాయి అంత బయటికి గుంజుతుంది. అలాగే ఒక కడ్డీకి చిన్న గుండ్లు తగిలిస్తారు. కారు చక్రాలతో పాటు ఆ కడ్డీ తిరుగుతుంది. వేగం పెరిగితే గుండ్లు బయటికి జరుగుతాయి, తగ్గితే లోపలికొస్తాయి. జేమ్స్ వాట్ 1788లోనే ఆవిరి యంత్రానికి ఇలాంటి గుండ్లు పెట్టాడు. టీటర్ యంత్రంలో గుండ్లు జరిగితే ఒక వాల్వు కదులుతుంది. ఇంజను గాలి పీల్చే బలంతో ఒక పిస్టన్ నడిచి, యాక్సిలరేటరును వెనక్కి నెడుతుంది. డ్రైవరు పెట్టుకున్న వేగం రాగానే కాలి కింద అడ్డం తగిలినట్టు తెలుస్తుంది. తర్వాత, కాలు తీసినా వేగం నిలిచేట్టు కూడా చేశాడు.

మోటారు సైకిళ్ళ వాళ్ళు కొందరు తక్కువ ఖర్చులో అయిపోతుందని చేతిపిడికి రబ్బరు రింగు బిగిస్తారు. అదీ ఇదీ ఒకటి కాదు. రింగు, తిప్పిన పిడిని అక్కడే పట్టి ఉంచుతుందంతే. బండి ఎంత వేగంతో పోతుందో దానికి తెలియదు. ఎత్తు ఎక్కితే బండి నెమ్మదిస్తుంది, పల్లం దిగితే దూకుతుంది. గుండ్లున్న యంత్రానికి వేగం తెలుస్తుంది. మారేడుమిల్లి ఘాటు రోడ్డు మీద రింగు పెట్టుకుని దిగితే ఏమైతదో చెప్పనక్కర్లేదు. మీ అన్నలకు చెప్పండి.

1950లో టీటర్‌కు పేటెంటు వచ్చింది. యంత్రానికి స్పీడోస్టాట్ అని పేరు పెట్టాడు. అయినా కార్ల కంపెనీలు వెంటనే తీసుకోలేదు. 1958లో క్రైస్లర్ కంపెనీ తన ఖరీదైన కార్లలో పెట్టింది. క్రూజ్ కంట్రోల్ అన్న పేరు క్యాడిలాక్ వాళ్ళు పెట్టింది. 1973లో పెట్రోలు కరువు వచ్చాక అందరికీ దాని విలువ తెలిసింది. ఇప్పుడు కార్లలో గుండ్లు లేవు, ఆ పని కంప్యూటరే చూసుకుంటుంది.

టీటర్ తన యంత్రమున్న కారును ఒక్కసారీ నడపలేదు. 1982 ఫిబ్రవరి 15న, 91 ఏళ్ళ వయసులో చనిపోయాడు. 1988లో అమెరికాలో మోటారు రంగం గొప్పవాళ్ళ జాబితాలో ఆయన పేరు చేర్చారు.

— 9వ తరగతి విద్యార్థిని